లాజరు మోటారుకు పెట్టిన వంక

బాలశౌరి పాత మోటార్లు కొంటాడు. మోటార్లే కాదు, వైసులు, డ్రిల్లింగ్ మిషన్లు, పానాల పెట్టెలు, మూతపడ్డ వర్క్‌షాపులో ఏం మిగిలితే అవన్నీ కొంటాడు. భవానీపురంలో ఆయన రేకుల షెడ్డుకు బోర్డు లేదు, ఏనాడూ అవసరం రాలేదు. ఆటోనగర్లో ఎవరైనా షాపు ఎత్తేస్తున్నా, గుడివాడ వైపు పాత రైస్‌మిల్లు సామాను వదిలించుకుంటున్నా, మంగళగిరిలో మరమగ్గాలు తీసేస్తున్నా మొదటి ఫోను ఈయనకే వస్తుంది. అమ్మేవాళ్ళకు తొందర. ఈయనకు తొందర లేదు. ఆ తేడా మీదే అరవై ఏళ్ళు వచ్చేసరికి డాబా కట్టాడు, కొడుకు బెన్నీని డిప్లొమా చదివించాడు, భార్య అమలమ్మ చేతులకు గాజులు చేయించాడు.

మోటారు చూడటంలో బెజవాడలో ఆయనంతటివాడు లేడంటారు. అది మాత్రం ఒప్పుకోవాల్సిందే. షాఫ్టును రెండు వేళ్ళతో తిప్పి, కళ్ళు మూసుకుని, గాలి వచ్చే కంతల దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడంటే లోపల ఏముందో ఆయనకు తెలిసిపోతుంది. తెలిసింది మనసులో పెట్టుకుంటాడు. ఎదుటివాడికి చెప్పేది వేరే ఉంటుంది.

దాన్ని ఆ వ్యాపారంలో వంక అంటారు. ధర అడిగే ముందు వస్తువుకు ఒక వంక పెట్టాలి. "బేరింగు పోయింది", "బాడీ పగులిచ్చింది", "వైండింగు కాలింది". ఉన్న వంకైతే సరే, లేకపోతే పుట్టించాలి. ఆటోనగర్లో పండిపోయిన షాపుల వాళ్ళ దగ్గర ఇది పెద్ద తప్పేం కాదు. వాళ్ళకూ తెలుసు కాబట్టి వాళ్ళు రెట్టింపు చెబుతారు, ఈయన వంక పెడతాడు, మధ్యలో ఎక్కడో బేరం తెగుతుంది, అందరూ కలిసి టీ తాగుతారు. మరి అవతలి మనిషికి మోటారంటే ఏమిటో తెలియకపోతే? ఆ ప్రశ్న బాలశౌరి ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా వేసుకోలేదు. బుడమేరు వరద వచ్చిన ఏడాది ఇళ్ళలో మునిగిన మోటార్లన్నీ "ఇంక ఇది ఇనుమేనమ్మా" అంటూ పోగేసుకొచ్చాడు. ఎండబెట్టి వార్నిష్ పోస్తే సగానికి సగం బాగుపడ్డాయి. ఆ ఆదివారం కూడా చర్చిలో మొదటి పూజకు వెళ్ళి సత్ప్రసాదం తీసుకున్నాడు. మనిషి చెడ్డవాడని నేను అనను. చెడ్డవాడైతే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

ఈయనకు లాజరు అని ఒక స్నేహితుడు ఉండేవాడు. ఇద్దరూ కుర్రతనంలో ఆటోనగర్లో ఒకే మేస్త్రీ దగ్గర మోటార్లు చుట్టడం నేర్చుకున్నారు. కాలిపోయిన మోటారులోంచి పాత రాగి తీగ పీకేసి, కొత్త తీగను లెక్క ప్రకారం చుట్లు చుట్టి, ఇనుప గాడుల్లో కాగితం పరిచి, ఆ కాగితం మీద తీగను కూర్చాలి. ఒక్కచోట కాగితం జారినా తీగ ఇనుముకు తగులుతుంది, మోటారు మళ్ళీ కాలుతుంది. బాలశౌరికి అంత ఓపిక లేక కొనుగోళ్ళలోకి దిగాడు. లాజరు మైలవరం వెళ్ళి, ఇంటి పక్కనే షెడ్డు వేసుకుని, చుట్టుపక్కల రైతుల బోరు మోటార్లు చుట్టుకుంటూ అక్కడే ఉండిపోయాడు.

లాజరుకు ఒక అలవాటు ఉండేది. మోటారు చుట్టడం అయ్యాక ఎంత లావు గేజు తీగ వాడాడో, ఎన్ని చుట్లు చుట్టాడో, ఏ తేదీనో ఒక చీటీ మీద రాసి, వైర్లు కలిపే చిన్న పెట్టెలో మూత కింద పెట్టేవాడు. ఎప్పుడైనా ఇంకో మెకానిక్కు విప్పితే లెక్క కోసం తడుముకోకూడదని. "నీ విద్య ఊరికే పంచిపెడుతున్నావేంట్రా" అని బాలశౌరి ఎగతాళి చేసేవాడు. లాజరు నవ్వి ఊరుకునేవాడు.

చివరి రెండేళ్ళు షుగరు వల్ల లాజరుకు చూపు పోయింది. ఆ తర్వాత మనిషే పోయాడు. సమాధి దగ్గర బాలశౌరి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అది నటన కాదు, నాకు తెలుసు.

రెండు నెలలు గడిచాక లాజరు భార్య ఎలిజబెత్ ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, షెడ్డులో లేతు మిషనూ, బరువు సామానూ తీసేద్దామనుకుంటున్నాను. బయటివాళ్ళని పిలవడం నాకిష్టం లేదు. మీరైతే మోసం చెయ్యరు."

ఆ మాటకు బాలశౌరికి సంతోషమే వేసింది. మర్నాడే ట్రాలీ ఆటో మాట్లాడుకుని మైలవరం వెళ్ళాడు.

కూతురు కృప ఇంట్లో లేదు. తండ్రి కాగితాల పని మీద తాసీల్దారు ఆఫీసుకు వెళ్ళింది. షెడ్డు ముందు కుర్చీలో వెంకటప్పయ్య అనే రైతు కూర్చుని ఉన్నాడు. ఆయన బోరు మోటారు ఒకటి చుట్టడం కోసం గోడ పక్కన పెట్టి ఉంది. లాజరే లేడు కదా, ఎవరు చుట్టడానికి పెట్టారు? బాలశౌరి ఆ సంగతి ఆలోచించలేదు. ఆయన కళ్ళు లేతు మిషను మోటారు మీద పడ్డాయి.

మూడు హెచ్‌పీ మోటారు. కొత్తగా ఆకుపచ్చ రంగు వేశారు. షాఫ్టు తిప్పాడు, నూనెలో తిరిగినట్టు తిరిగింది. వాసన చూశాడు, కొత్త వార్నిష్ వాసన తప్ప ఇంకేం లేదు. చక్కటి మోటారు. ఇలాంటిది షెడ్డులో పెడితే సాయంత్రానికి పోతుంది.

"లేతు మిషనైతే ఇచ్చేస్తాను గానీ అన్నయ్యగారూ, ఈ మోటారు ఒక్కటీ ఉంచుదామా అని చూస్తున్నాను. ఇది మా కృప..." అంటూ ఎలిజబెత్ మొదలుపెట్టింది.

"ఉండమ్మా, ముందు చూడనియ్యి" అని ఆమెను ఆపేశాడు. అమ్మేవాళ్ళను కథ చెప్పనివ్వకూడదు. కథ చెప్పిన కొద్దీ వస్తువు మీద ప్రేమ పెరుగుతుంది, ప్రేమతో పాటు ధరా పెరుగుతుంది. ఇది ఆయన సొంత సూత్రం.

షెడ్డు కరెంటు కనెక్షన్ అప్పటికే తీయించేశారు కాబట్టి మోటారు తిప్పి చూసే వీలు లేదు. బాలశౌరి సంచీలోంచి టెస్ట్ ల్యాంపు తీశాడు. ఏముంది, బల్బు ఒకటి, దానికి రెండు వైర్లు. ఇంట్లో ప్లగ్గులో పెట్టి, ఒక వైరు తీగకూ ఇంకో వైరు మోటారు బాడీకీ ఆనిస్తే బల్బు వెలగకూడదు. వెలిగిందంటే తీగ ఇనుముకు తగిలినట్టు, మోటారు పోయినట్టు. అదే తీగ రెండు కొసలకూ ఆనిస్తే మాత్రం వెలగాలి. అలా వెలిగితే తీగ ఎక్కడా తెగలేదని అర్థం. ఈ తేడా ఎలిజబెత్‌కు తెలియదు, వెంకటప్పయ్యకు తెలియదు.

బాలశౌరి రెండు వైర్లనూ తీగ రెండు కొసలకు ఆనించాడు. బల్బు వెలిగింది.

"చూశావా అమ్మా" అన్నాడు. "కాలిపోయింది."

ఎలిజబెత్ మొహం పాలిపోయింది. "కాలిపోయిందా అన్నయ్యగారూ? మొన్న మొన్నే కదా చుట్టింది. తిరిగింది కూడా."

"తిరుగుద్దమ్మా, నాలుగు రోజులు. కాగితం సరిగ్గా కూర్చోకపోతే ఆ తర్వాత ఇంతే. లాజరుకి చూపు ఆనలేదు కదా, చెయ్యి తప్పుంటది. వాణ్ణని ఏం లాభం."

చూశారా? స్నేహితుడు మట్టిలోకి వెళ్ళి డెబ్భై రోజులు కాలేదు. వాడి చేతి పనికి వంక పెట్టాడు, అదీ ఎంతో జాలిగా.

"నిజంగా కాలిపోయిందా?" అని ఎలిజబెత్ ఇంకోసారి అడిగింది. ఆయన తల ఊపాడు. ఆమె కాసేపు గోడ పక్కన ఉన్న బోరు మోటారు వైపు చూసింది. చుట్లు చుట్టే చేతి మిషను బల్ల మీద ఉంది. దాని మీద గుడ్డ కప్పి ఉంది. గుడ్డ తీసి, "అయితే ఇది కూడా తీసుకుపొండి అన్నయ్యగారూ. ఇంక ఇదెవరికి" అంది.

అడగని వస్తువు కూడా చేతికొచ్చింది. ఎందుకు వచ్చిందో ఆయన అడగలేదు.

వెంకటప్పయ్య లేచాడు. "ఏమనుకోవద్దమ్మా, నా మోటారు కూడా తీసుకుపోతాను. అవతల నారుమళ్ళు ఎండిపోతున్నాయి" అన్నాడు. ఆయన మోటారును బాలశౌరి తన ట్రాలీలోనే ఎక్కించుకుని ఊళ్ళో దింపాడు. సాయం చేశాననుకున్నాడు.

భవానీపురం చేరాక, అమ్మే ముందు గేజు చూద్దామని ఆకుపచ్చ మోటారు పెట్టె మూత విప్పాడు. చీటీ ఉంటుందని ఆయనకు తెలుసు. ఉంది. చేతిరాత మాత్రం లాజరుది కాదు. గుండ్రంగా, ముద్దుగా ఉన్న ఆడపిల్ల రాత. గేజు, చుట్లు, తేదీ. కింద రెండు ముక్కలు: "చుట్టింది కృప. తడిమి చూసింది నాన్న."

బాలశౌరి స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఎలిజబెత్ చెప్పబోయిన కథ ఇదన్నమాట. కళ్ళు కనిపించని తండ్రి, పక్కన కూర్చుని ఒక్కో గాడీ వేళ్ళతో తడిమి చూస్తూ కూతురి చేత మోటారు చుట్టించాడు. ఆ చుట్టే మిషను ఆ పిల్ల కోసం. గోడ పక్కనున్న బోరు మోటారు ఆ పిల్లకు వచ్చిన మొదటి పని. ఆ పనిని తనే ట్రాలీలో ఎక్కించి తీసుకెళ్ళి దింపేశాడు.

మోటారుకు కరెంటు ఇచ్చాడు. చప్పుడు లేకుండా తిరిగింది. పక్కన నిలబడితే తిరుగుతున్నట్టే తెలియలేదు.

అమలమ్మకు చీటీ చూపించి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె చదివి చీటీ ఆయన చేతిలోనే పెట్టింది.

"ఇప్పుడే ఫోను చెయ్యి" అంది.

"చేస్తాలే. ఏమని చెయ్యను? కాస్త ఆలోచించనియ్యి."

చెయ్యలేదు. ఇవాళ కాదు రేపు, రేపు కాదు ఆదివారం. చేసిన పాపాలు ఫాదర్‌కు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళి "వ్యాపారంలో అబద్ధాలు ఆడాను ఫాదర్" అని అన్నీ కలిపి ఒకే మూట కట్టి చెప్పేశాడు. ఆ మూటలో కృప పేరు లేదు. ఎవరైనా కొనుగోలుదారు ఆకుపచ్చ మోటారు దగ్గర ఆగితే, "అది కాలిపోయింది, వద్దు" అనేవాడు. అమ్మడానికి చెయ్యి రాలేదు, తిరిగి ఇవ్వడానికి కాలు కదల్లేదు. మోటారు మీద గోనెపట్టా కప్పాడు. అయినా షెడ్డులోకి వెళ్ళిన ప్రతిసారీ చూపు అటే పోయేది.

మాఘమాసం వచ్చింది. గుణదల మేరీమాత పండగకు కొత్త చీర కొనుక్కుందామని అమలమ్మ ఆయన్ని బీసెంట్ రోడ్డుకు లాక్కెళ్ళింది. కొట్టులో చీరలు పరిచి చూపిస్తున్న అమ్మాయి తలెత్తింది. కృప.

"మావయ్యా, బాగున్నారా? అత్తయ్యా, కూర్చోండి. ఏ రంగు చూపించమంటారు?"

బాలశౌరి చీరల దొంతర వైపు చూశాడు. అమలమ్మే అడిగింది. "ఇదేంటే కృపా, ఐటీఐ చదివి ఇక్కడ చీరలు మడతపెడుతున్నావు? నాన్న షెడ్డు నడుపుతావనుకున్నా."

"నేనూ అట్టాగే అనుకున్నా అత్తయ్యా. నేను చుట్టిన మొదటి మోటారే కాలిపోయింది కదా. మావయ్యే చూశారు. ఊళ్ళో అందరికీ తెలిసిపోయింది, ఇంక పని ఎవరిస్తారు?" ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. చీర మడత విప్పుతూ మామూలుగానే చెప్పింది. "ఇక్కడ హాస్టల్లో ఉంటున్నా. నెలకి రెండు మంగళవారాలు ఇంటికెళ్తా."

ఆ తర్వాత కాస్త ముందుకు వంగి గొంతు తగ్గించింది.

"మావయ్యా, ఒకటి అడగనా? ఆ రోజు నేను ఇంట్లో లేను. బల్బు వెలిగిందని అమ్మ చెప్పింది. ఎక్కడ ఆనిస్తే వెలిగింది? తీగకీ బాడీకీ మధ్యనా, తీగ రెండు కొసల మధ్యనా?"

ఆ పిల్ల ఏడు నెలలుగా ఇదొక్కటే ఆలోచిస్తోందని ఆయనకు ఆ క్షణంలో తెలిసిపోయింది. నిజం చెప్పడానికి ఇంతకన్నా తేలికైన చోటు దొరకదు. రెండు కొసల మధ్యనమ్మా అంటే చాలు, మిగతాది ఆమే అర్థం చేసుకుంటుంది. కౌంటరు చుట్టూ జనం ఉన్నారు. పక్కన అమలమ్మ నిలబడి ఆయన మొహంలోకే చూస్తోంది.

"బాడీకేనమ్మా" అన్నాడు బాలశౌరి.

కృప తల ఊపింది. "అయితే కాగితమే జారుంటది. నాన్న వేళ్ళతో తడిమి చాలా బాగుందమ్మా అన్నాడు. నన్ను బాధపెట్టడం ఇష్టం లేక అన్నాడేమో."

బాలశౌరికి తల కొట్టేసినట్టయింది. మొదటిసారి అబద్ధమాడినప్పుడు ఎవరి మీద పడుతుందో తెలియదు. ఈసారి తెలిసి, ఆ పిల్ల కళ్ళలోకి చూసి మరీ ఆడాడు. చచ్చిపోయిన తండ్రి చివరిసారి మెచ్చుకున్న మాట కూడా ఆమె దగ్గర మిగల్చలేదు. ఏ చీర తీశారో, డబ్బు ఎప్పుడు ఇచ్చాడో ఆయనకు గుర్తు లేదు.

ఆటోలో అమలమ్మ చీర సంచీ ఆయన ఒళ్ళో పడేసింది.

"ఇది కట్టుకుని నేను మాత ముందుకి వెళ్ళను" అంది. తర్వాత నాలుగు రోజులు పెద్దగా మాట్లాడలేదు. అన్నం మాత్రం వేళకు పెట్టింది.

ఆ వచ్చే మంగళవారం బాలశౌరి మోటారును ట్రాలీలో ఎక్కించుకుని మైలవరం బయలుదేరాడు. అయితే నిజం చెబుదామని బయలుదేరాడనుకునేరు. లేదు. దారి పొడుగునా ఇంకో కథ అల్లుకున్నాడు. మోటారు మళ్ళీ చుట్టించాను, మా లాజరు గుర్తుగా మీ దగ్గరే ఉంచండి అని చెప్పి, దండం పెట్టించుకుని వచ్చేయాలని. మనిషి సిగ్గుపడుతూ కూడా గొప్పగా కనబడాలని చూస్తాడు. ఈయన ఆ రకం.

చెప్పాడు కూడా. ఎలిజబెత్ కళ్ళు తుడుచుకుని, "ఆయన ఎప్పుడూ అనేవారు, శౌరి ఉన్నాడు మనకి అని" అంటూ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

కృప మోటారు చుట్టూ ఒకసారి తిరిగింది. "పాత తీగ ఏం చేశారు మావయ్యా?"

"రాగి కదమ్మా, అమ్మేశాను."

"కాలిన చోటు ఒక్కసారి చూసుంటే బాగుండేది. ఎక్కడ తప్పు చేశానో తెలిసేది." గూట్లోంచి స్క్రూడ్రైవరు తెచ్చుకుని మోటారు ముందు కూర్చుంది. "పోనీ, ఎవరు చుట్టారో గానీ వాళ్ళ పని చూస్తాను. లోపల చీటీ పెట్టారా?"

చీటీ ఉంది. ఆ పిల్ల రాసిన చీటీయే, అమలమ్మకు చూపించాక మళ్ళీ అక్కడే పెట్టేశాడు. ఎన్నిసార్లు తీసి పారేద్దామనుకున్నా ఆయన చేతులు రాలేదు. పెట్టె మూతకు రెండు స్క్రూలు. కృప మొదటిది తీసి గడప మీద పెట్టింది. రెండోదానికి స్క్రూడ్రైవరు ఆనించింది.

"ఆగమ్మా."

ఆమె ఆగింది.

"ఎవరూ చుట్టలేదు. అది నువ్వు చుట్టిందే. కాలలేదు." ఆపితే మళ్ళీ చెప్పలేనని ఆయనకు తెలుసు. "బల్బు రెండు కొసల మధ్యే పెట్టాను. వెలిగింది. బాగున్న మోటారు. తక్కువలో కొడదామని కాలిపోయిందన్నాను. నువ్వు చుట్టావని అప్పుడు తెలీదు. మొన్న కొట్లో అడిగినప్పుడు తెలుసు. తెలిసే అబద్ధం చెప్పాను."

టీ గ్లాసులతో వచ్చిన ఎలిజబెత్ గుమ్మంలోనే నిలబడిపోయింది. కృప రెండో స్క్రూ నెమ్మదిగా తీసింది. మూత ఎత్తి తన చీటీ తను చదువుకుంది. చాలాసేపు చదివింది, ఉన్నది నాలుగు ముక్కలే అయినా. తర్వాత ఆ చీటీని మడిచి గుప్పిట్లో పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాడు బాలశౌరి. తిడుతుందనుకున్నాడు. తిడితే కాళ్ళు పట్టుకుందామనుకున్నాడు. ఆమె ఆ అవకాశం ఇవ్వలేదు.

"నాన్న నిజమే చెప్పాడన్నమాట" అంది, తల్లితో. ఆ తర్వాత ఆయన వైపు తిరిగింది. "ఆ రోజు వెంకటప్పయ్యగారి ముందు అన్నారు కదా మావయ్యా. ఆయన ముందే చెప్పండి. నాకు చెబితే నాకు తెలుసుద్ది, అంతే. ఊరికి తెలియదు."

కొనేవాడి నోరే కొనేవాడి పెట్టుబడి. బాలశౌరి అబద్ధం వంక పెడతాడని నలుగురిలో తనే ఒప్పుకుంటే మైలవరం నుంచి తిరువూరు దాకా ఇంకొకడెవడూ ఆయన్ని గుమ్మం ఎక్కనివ్వడు. అది ఆమెకు తెలుసా? తెలిసే అడిగిందని నా నమ్మకం.

వెంకటప్పయ్య ఎరువుల కొట్టు అరుగు మీద మరో నలుగురు రైతులతో కూర్చుని ఉన్నాడు. కృప పక్కన నిలబడింది. బాలశౌరి చెప్పులు విడిచి అరుగు కింద నిలబడ్డాడు, చెప్పులు ఎందుకు విడిచాడో ఆయనకే తెలియదు.

"వెంకటప్పయ్యగారూ, ఆ రోజు లాజరు మోటారు కాలిందన్నానండి. కాలలేదండి. తక్కువలో కొనడానికి అబద్ధం చెప్పాను. ఆ బల్బు వెలిగిందంటే మంచిదని అర్థం, మీకు తిప్పి చెప్పాను. ఈ పిల్ల చుట్టింది చాలా బాగుంది. నేను చుట్టినా అంత శుభ్రంగా రాదండి."

వెంకటప్పయ్య కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"మరి మా నాన్న ఆయిలింజను? పదేళ్ళ కిందట క్రాంకు పగిలిందని చెప్పి పట్టుకుపోయావు."

బాలశౌరి తల దించుకున్నాడు. "పగల్లేదండి."

"మా తమ్ముడి డ్రిల్లింగ్ మిషను?" అన్నాడు ఇంకొకాయన.

"అదీ బాగానే ఉందండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పక్కవాళ్ళకు అంటుకుంది. తిట్టినా, కొట్టినా ఇంతకన్నా నయంగా ఉండేది. అరవై ఏళ్ళ మనిషి, నలుగురూ మర్యాదగా బాలశౌరిగారూ అని పిలిచే మనిషి, నడిబజారులో ఒట్టి కాళ్ళతో నిలబడి ఒక్కో వస్తువు పేరూ వింటూ "బాగానే ఉందండి, బాగానే ఉందండి" అంటూ ఉంటే వాళ్ళు నవ్వక ఏం చేస్తారు. కృప మాత్రం నవ్వలేదు. అయిందాకా నిలబడి, "వెళ్దాం మావయ్యా" అంది.

చుట్టే మిషను కూడా ఆ వారమే తిరిగి చేరవేశాడు. డబ్బు ఇవ్వబోయిన ఎలిజబెత్‌కు చేతులు జోడించాడు. ఆమె ఆ రోజు అన్నయ్యగారూ అని పిలవలేదు. "ఇదిగోండి, మంచినీళ్ళు" అంది.

నెలాఖరుకు కృప చీరల కొట్టు మానేసింది. ఎండలు ముదిరాక వెంకటప్పయ్య బోరు మోటారు మళ్ళీ కాలింది, ఇంకెవరో చుట్టిన చుట్టు. ఆయన దాన్ని తిన్నగా కృప దగ్గరకే తెచ్చాడు. కృప చుట్టింది. అది తీసుకెళ్ళే రోజున బాలశౌరి కూడా అక్కడే ఉన్నాడు. అమలమ్మ పచ్చడి జాడీ ఇచ్చి పంపింది. ఎవరూ రమ్మనకపోయినా అలా ఏదో ఒకటి పట్టుకుని వెళ్ళడం ఆయనకు అలవాటైంది. వెళ్ళి షెడ్డు బయటే నిలబడతాడు.

షెడ్డుకు మళ్ళీ పెట్టించుకున్న కనెక్షన్ మీద మోటారుకు కరెంటు ఇచ్చారు. బాగా తిరిగింది. వెంకటప్పయ్య తృప్తిగా తల ఊపాడు. బాలశౌరి చెవికి మాత్రం లోపల ఎక్కడో సన్నగా, గింజ నలిగినట్టు చప్పుడు వినిపించింది.

"వెనకవైపు బేరింగు పోతోందమ్మా" అన్నాడు. "చుట్టడంలో తప్పేం లేదు. బేరింగు పాతది. మార్చకుండా పంపితే నెలలో పట్టేసుద్ది."

వెంకటప్పయ్య ఆయన వైపు చూశాడు. ఆ తర్వాత కృప వైపు చూశాడు. "నువ్వు చూడమ్మా" అన్నాడు.

కృప పొడుగాటి స్క్రూడ్రైవరు తీసింది. మొన మోటారు వెనక మూతకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆ పద్ధతి లాజరుది. బాలశౌరి షెడ్డు బయటే నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళలో ఆయన మాట మీద ఇంకొకరు చెవి పెట్టి చూడటం ఇదే మొదటిసారి. నిజం చెప్పి, అది నిజమని తేలాలని ప్రార్థిస్తూ నిలబడటం కూడా ఇదే మొదటిసారి.

ఆమె కళ్ళు తెరిచింది. కరెంటు ఆపి, చీటీ తీసుకుని, గేజూ చుట్లూ తేదీ రాసింది. కింద ఇంకేదో రాస్తుంటే ఆయన మెడ సాచి చూశాడు.

"చుట్టింది కృప. బేరింగు మార్చాలి అన్నది బాలశౌరి మావయ్య. విని సరిచూసుకున్నది కృప."